గోడ లేని గేటుకి తాళం

మా ఊరి మునిసిపల్ పార్కుకి గేటు ఉంది, గోడ లేదు. ఈ ముక్క వినగానే కొత్తవాళ్ళు నవ్వుతారు. పాతవాళ్ళు నవ్వరు, పక్కనుంచి నడిచి లోపలికి పోతారు.

గోడ ముందు కట్టి గేటు తరవాత పెట్టాలని చదువుకున్నవాళ్ళు అనుకుంటారు. పని జరిగే పద్ధతి అది కాదు. పార్కు ప్రారంభానికి మంత్రిగారు వస్తున్నారంటే రిబ్బను ఉండాలి. రిబ్బను కట్టాలంటే రెండు స్తంభాలు కావాలి. స్తంభాలు లేచాక మధ్యలో ఖాళీగా ఉంటే బాగోదు కాబట్టి గేటు బిగించారు. గోడకి రిబ్బను కట్టలేం. గోడ పక్కన నిలబడి ఫొటో దిగితే పోలీసులు పట్టుకొచ్చినట్టు ఉంటుంది. అందుచేత గోడని వచ్చే ఆర్థిక సంవత్సరంలోకి పంపించారు. ఆ మంత్రిగారు పోయారు, ఆయన పార్టీ పోయింది, రిబ్బను కోసిన కత్తెర ఎవరింట్లో ఉందో తెలీదు. గోడ మాత్రం ఎప్పుడు చూసినా వచ్చే సంవత్సరంలోనే క్షేమంగా ఉంటుంది.

గేటు ఉన్నాక తాళం ఉండాలి. తాళం ఉన్నాక తాళంచెవి పట్టుకునే మనిషి ఉండాలి. ఆ మనిషిని నేను. నా పేరు పోలినాయుడు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మధ్యలో అంటే లెక్కల పీరియడు మధ్యలో, కిటికీలోంచి. ఆ చదువుకి తగ్గ ఉద్యోగమే దొరికిందని మా ఆవిడ అంటుంది.

నా డ్యూటీ కాయితం మీద చాలా గంభీరంగా ఉంటుంది. పొద్దున్న ఆరింటికి గేటు తెరవవలెను, సాయంత్రం ఆరింటికి మూయవలెను, మూసియున్న సమయమున ఎవ్వరినీ లోనికి అనుమతించరాదు. నేను ఆరింటికి తాళం వేస్తుంటే లోపల పేకాట నడుస్తూ ఉంటుంది. 'వేసేస్తున్నాను బాబూ' అంటాను. 'వేసుకో నాయుడూ' అంటారు వాళ్ళు, ముక్కల మీంచి తల ఎత్తకుండా. మేకలు వస్తాయి, పోతాయి. ప్రేమించుకునేవాళ్ళు వస్తారు, పెళ్ళయ్యాక రావడం మానేస్తారు. ఎవడూ గేటులోంచి రాడు. వచ్చే అవసరం లేదు.

ఎర్రయ్యమ్మప్ప అయితే మరీను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకు చుట్టమేం కాదు, రోజూ తిడుతుంది కాబట్టి వరస కలిపాను. పార్కు వెనక పాకల్లో ఉంటుంది. తెల్లారుతూనే తోటకూర, గోంగూర గంపలో పెట్టుకుని పార్కుకి అడ్డంపడి బజారుకి పోతుంది. స్తంభానికి జానెడు పక్కనుంచే పోతుంది కానీ, తెరిచి ఉన్న గేటులో కాలు పెట్టదు. పైగా సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆగి మరీ అడుగుతుంది. "గట్టిగా ఏసినావా తమ్ముడా? గాలి పారిపోగల్దు, సూసుకో."

ఇంత దరిద్రపు ఉద్యోగంలో నాకొక సుఖం ఉండేది. ఆ గేటు కిర్రుమంటుంది. ఎడమ తలుపు తోస్తే పొడుగ్గా, మెల్లగా, ఎవరో ముసలాయన మంచం మీంచి లేస్తున్నట్టు మొదలై, చివర్న కాస్త పైకి లేచి ఆగుతుంది. కుడి తలుపు పొట్టిగా, చిరాగ్గా జవాబు చెప్తుంది. వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. ఆ రెండు కూతలూ సరిగ్గా పడిన రోజున నాకు లోపల ఎక్కడో సర్దుకున్నట్టుండేది. ఎందుకని అడిగితే చెప్పలేను. ఎవరితోనూ అనలేదు కూడా. ఆఫీసులో ఎవడికైనా పని ఇష్టమని తెలిస్తే ఇంకో నాలుగు పనులు చెప్తారు.

ఇలా ఉండగా పైనుంచి పరమార్థ పాలన వచ్చింది.

రాజధానిలో ఎవరో పెద్దవాళ్ళు ఏదో దేశం వెళ్ళొచ్చారట. ఉద్యోగులు పని చెయ్యకపోవడానికి కారణం బద్ధకం కాదని, తమ పనికి పరమార్థం ఏమిటో వాళ్ళకి తెలియకపోవడమని అక్కడ తేల్చారట. కాబట్టి ఇకమీదట ప్రతి ఉద్యోగీ తన పని పరమార్థం ఒక్క వాక్యంలో కనుక్కుని, బిళ్ళ మీద రాయించుకుని చొక్కాకి పెట్టుకోవాలి. కనుక్కోవడం నేర్పడానికి నిశ్చల్ గారని ఒకాయన్ని పట్నంనుంచి పంపించారు. తెల్ల లాల్చీ, చెంపకి అంటుకున్న మైకు. మనిషి నుంచుని మాట్లాడడు, వేదిక మీద అటూ ఇటూ తిరుగుతాడు. ముందు వరసలో వాళ్ళకి మెడలు పట్టేశాయి.

మా కమిషనరు చిదానందం గారు ఆయన్ని పరిచయం చేశారు. చిదానందం గారు మనిషి మంచివారే కానీ నోరు తెరిస్తే ఉత్తర్వు వస్తుంది. ఇంట్లో కూడా 'సదరు పప్పునందు ఉప్పు లోపించినది' అంటారని వాళ్ళ డ్రైవరు నాతో చెప్పాడు.

టౌనుహాల్లో ఒక్కొక్కణ్ణీ లేపి పరమార్థం అడిగారు. దోమల పొగ కొట్టేవాడు ముందురోజే ప్రాక్టీసు చేసి వచ్చాడు. తను పొగ కొట్టడం లేదని, పట్టణానికి నిద్ర పంచుతున్నానని చెప్పాడు. చప్పట్లు. జనన మరణాల గుమాస్తా తను చావుపుట్టుకలు రాయడం లేదని, కాలంతో కరచాలనం చేస్తున్నానని అన్నాడు. నిశ్చల్ గారు కళ్ళు తుడుచుకున్నారు. కుళాయి నీళ్ళవాడు తాను గంగని దింపుతున్నానన్నాడు. మా వీధికి గంగ దిగి వారమైంది.

నా వంతు వచ్చింది. నాకు వాక్యం తట్టలేదు. గోడ లేని గేటుకి తాళం వేసి తీస్తుంటానండి, అన్నాను. అందులో పరమార్థం ఏమిటని నిశ్చల్ గారు ముచ్చటగా అడిగారు.

"ఏమీ లేదండి," అన్నాను.

ఆయన బాగా వెతకమన్నారు. కళ్ళు మూసుకుని వెతకమన్నారు. మూసుకుని వెతికాను. ఆకలేసింది తప్ప ఏమీ దొరకలేదు. మేనేజరు పాణిగ్రాహి గారు సమావేశం వివరాల్లో రాసేసుకున్నారు: గేటు వాచ్‌మన్ పి.పోలినాయుడు తన పనికి అర్థం లేదని తెలిపెను.

మర్నాడే మెమో. నెలాఖరులోగా సదరు గేటుకి అర్థము చేకూరని యెడల పోస్టు రద్దగును. చేకూర్చవలసింది ఎవరో అందులో రాయలేదు. నేను పాణిగ్రాహి గారి బల్ల దగ్గర నుంచున్నాను. ఆయనా నేనూ ఒకే ఏడాది చేరాం. ఆయన పైకి వెళ్ళారు, నేను గేటు దగ్గరికి వెళ్ళాను. గోడ కట్టేస్తే పోతుంది కదండీ, అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, గోడ వచ్చే సంవత్సరంలో ఉందని, దాన్ని ఈ సంవత్సరంలోకి లాగితే వచ్చే సంవత్సరం ఖాళీ అయిపోతుందని చెప్పారు.

అయినా నా పొట్ట కొట్టడం ఆయనకి ఇష్టం లేక పైన ఏదో మంత్రం వేశారు. వారం తిరక్కుండా చిదానందం గారి ఉత్తర్వు వచ్చింది. మైకులో ఊరంతా చాటించారు. "ప్రహరీ గోడ నిర్మాణము పెండింగునందు ఉన్నందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, సదరు గోడ ఉన్నట్లుగానే పౌరులందరూ భావించి మసలుకొనవలెను."

క్రికెట్ మైదానంలో గీతలు గీసే బండి తెచ్చి పార్కు చుట్టూ సున్నం గీత లాగారు. గీత దాటితే గోడ దూకిన నేరం. కాపలాకి ఇద్దరు హోంగార్డులు.

నేను నవ్వుదామనుకున్నాను. మా ఊరివాళ్ళు నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. రెండు రోజుల్లో గోడకి అలవాటు పడిపోయారు. మొదట ఒకావిడ వచ్చి గోడకి పిడకలు కొట్టుకోవచ్చా అని అడిగింది. ఎన్నికలు దగ్గర కాబట్టి రెండు పార్టీలవాళ్ళూ వచ్చి రోడ్డువైపు గోడ తమకే కావాలని దెబ్బలాడుకున్నారు. కుర్రాళ్ళు గీత దగ్గరికి పరిగెత్తుకొచ్చి, చేతులు గాల్లో ఆన్చి, ఎంతో కష్టపడి దూకేవారు. ఒకడికి మోచేయి గీరుకుంది, ఎలాగో వాడే చెప్పాలి. 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని బోర్డు పెట్టేదాకా అక్కడ ఎవడూ పోయలేదు. బోర్డు పెట్టిన సాయంత్రంనుంచీ వరసగా నిలబడ్డారు, అందరూ రోడ్డుకి వీపు పెట్టి, గోడ ఉన్నవాళ్ళ నిశ్చింతతో.

ఒక రిటైర్డు తాసీల్దారు గారు మాటల్లో పడి గోడకి చేరబడబోయి వెల్లకిలా పడ్డారు. కాలు బెణికింది. ఆయన ఊరుకునే మనిషి కాదు, గోడ నాణ్యత మీద ఫిర్యాదు పెట్టారు. ఇంజనీరు వచ్చి, అటునుంచీ ఇటునుంచీ పరిశీలించి, గోడయందు లోపమేదియు కనబడలేదని నివేదిక ఇచ్చాడు.

గోడ వచ్చాక గేటుకి గిరాకీ వచ్చింది. తెల్లారేసరికి వాకింగువాళ్ళు, పేకాటవాళ్ళు, మేకలు, అన్నీ గేటు ముందే. తోసుకోవడం, తొక్కుకోవడం. ఇంత పొద్దెక్కి తీస్తావా అని నన్ను తిట్టడం. అర్థం అంటే ఇదేనన్నమాట అనుకున్నాను. నిశ్చల్ గారు నా చొక్కాకి స్వయంగా బిళ్ళ తగిలించారు: 'నేను గేటు తియ్యను, దారి ఇస్తాను.' పోస్టు నిలబడింది. పాణిగ్రాహి గారు నా భుజం తట్టారు.

ఆ మర్నాడు ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ప్రజా సౌకర్యార్థం అంటూ గేటు కీళ్ళకి నూనె పోయించాడు.

నేను పొద్దున్న ఎడమ తలుపు తోశాను. అది వెన్నలా వెళ్ళిపోయింది. కుడి తలుపు తోశాను. అదీ అంతే. వెనక జనం తోసుకుంటూ లోపలికి పోయారు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో మాట్లాడే మనిషి హఠాత్తుగా మాట మానేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మా ఆవిడ మాట మానేసినప్పుడు కూడా నాకు అంత అనిపించలేదు, నిజం చెప్పాలంటే.

ఇంకొకళ్ళకి కూడా తెలిసింది. జనమంతా పోయాక ఆలస్యంగా వచ్చిన ఎర్రయ్యమ్మప్ప గంప దింపి గేటుకేసి అనుమానంగా చూసింది. "ఏటి, నీ గేటు మూగదైపోనాదేటి? అది కూస్తే నాను లెగుస్తాను. ఇయ్యాల కూత ఇనబడనేదు, పొద్దెక్కిపోనాది. తోటకూర సూడు, నీ మొహంలాగే వడిలిపోనాది."

ఇన్నేళ్ళుగా ఆమె ఆ కూత వింటోందని నాకు తెలీదు. పక్కనుంచి పోయే మనిషి కదా.

వానలు పడి నూనె కడుక్కుపోయే రోజు కోసం నేను ఎదురు చూస్తుంటే, రాజధానిలో పెద్దవాళ్ళు ఇంకో దేశం వెళ్ళొచ్చారు.

నిశ్చల్ గారు మళ్ళీ వచ్చారు. అదే మైకు, అదే చెంప. లాల్చీ మాత్రం నల్లది. టౌనుహాల్లో ఈసారి ఆయన అటూ ఇటూ తిరగలేదు, ఒక చోట కూలబడి మాట్లాడారు. పరమార్థం వెతికి వెతికి ఉద్యోగులకి టెన్షన్ పెరిగిందని, టెన్షన్ వల్ల సెలవులు పెరిగాయని, అసలు ఈ విశ్వానికి అర్థమే లేదని ఫారిన్‌లో ఎప్పుడో తేల్చేశారని, మనమే ఆలస్యంగా మేలుకున్నామని చెప్పారు. నక్షత్రాలు ఎందుకు తిరుగుతున్నాయి? ఊరికే. భూమి ఎందుకు తిరుగుతోంది? ఊరికే. మరి మునిసిపాలిటీ?

"ఊరికే," అన్నారు అందరూ. ఇంత తేలిగ్గా వచ్చే పాఠం మా వాళ్ళు ఎన్నడూ వినలేదు.

చిదానందం గారు లేచి ప్రభుత్వ ఉత్తర్వు చదివారు. విశ్వమునకు అర్థము లేదని ప్రభుత్వము గుర్తించినది. కావున ఉద్యోగులు తమవద్ద గల పరమార్థ బిళ్ళలను తక్షణమే స్టోరునందు జమచేయవలెను. ఇకపై ఎవ్వరును విధి నిర్వహణయందు అర్థమును వెతుకరాదు, దాచరాదు, ఇతరులకు అందజేయరాదు.

అప్పుడు ఆదర్శ ఉద్యోగి ఒకడు కావలసి వచ్చాడు. పాణిగ్రాహి గారు పాత సమావేశం వివరాలు తిరగేశారు. ప్రభుత్వం కన్నా ముందే ఈ సంగతి కనిపెట్టినవాడు జిల్లా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఎనిమిదో తరగతి మధ్యలో మానేసినవాడు.

నాకు శాలువా కప్పారు. నిరర్థక రత్న అని బిరుదు ఇచ్చారు. నిశ్చల్ గారు నా కాళ్ళకి దండం పెట్టబోతే నేనే ఆపాను, చెప్పులు బురదగా ఉన్నాయి. సున్నం గీత చెరిపించారు. గోడ పడిపోయిందని రెండు పార్టీలవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. జనం మళ్ళీ గేటు పక్కనుంచి పోవడం మొదలెట్టారు. నేను తాళం వేస్తుంటే చూడ్డానికి పక్క జిల్లాల అధికారులు జీపుల్లో వచ్చేవారు. చూసి, 'వాట్ ఎ మాస్టర్' అనుకుంటూ గోడ లేని చోటునుంచి లోపలికి పోయి టీ తాగేవారు. ఒకాయన నాకొక కుర్చీ వేయించాడు. ఇంకొకాయన నేను తాళం వేసే చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇక మిగతా ఉద్యోగులకి అసూయ పట్టుకుంది. అందరూ నిరర్థకంలో పోటీకి దిగారు. దోమల పొగవాడు ఊరిబయట బీడులో, మనిషన్నవాడు లేని చోట పొగ కొట్టొచ్చేవాడు. వీధి ఊడ్చేవాడు ఎడమనుంచి కుడికి ఊడ్చి, కుడినుంచి ఎడమకి అదే చెత్త ఊడ్చేవాడు. దీపాలవాడు పగలు వెలిగించి రాత్రి ఆర్పేవాడు. కుళాయివాడు నీళ్ళు తిన్నగా కాలవలోకి వదిలి, ఒడ్డున కూచుని ధ్యానం చేసేవాడు. జనన మరణాల గుమాస్తా పుట్టుక సర్టిఫికెట్టు అడిగినా చావుది అడిగినా చేతికందింది ఇచ్చేవాడు. విశ్వం దృష్టిలో రెండూ ఒకటేనట.

నెల గడిచాక చిదానందం గారు ప్రజల అభిప్రాయం తెప్పించుకున్నారు. మునిసిపాలిటీలో ఏదో మార్పు వచ్చిందని ఎవరూ గమనించలేదు.

అంతా బాగా జరుగుతోంది. నాకు రాష్ట్ర స్థాయి అవార్డు సిఫార్సు అయ్యింది. దానితోబాటు వాచ్‌మన్ పోస్టు ఇక నా రిటైర్మెంటు దాకా ఎవరూ కదపకుండా పర్మనెంటు చేస్తామన్నారు. చివరగా ఒక్క పరిశీలన. నిశ్చల్ గారు, చిదానందం గారు, పాణిగ్రాహి గారు పొద్దున్నే వచ్చి నేను గేటు తియ్యడం చూస్తారు. చూసి సంతకాలు పెడతారు. నేను చెయ్యాల్సింది రోజూ చేసేదే.

ముందు వారమంతా ఒకటే వాన. అవార్డు హడావిడిలో ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

పొద్దున్న ముగ్గురూ కుర్చీల్లో కూచున్నారు. నేను తాళం తీసి ఎడమ తలుపు తోశాను.

కి...ర్ర్ర్ర్.

పొడుగ్గా, మెల్లగా, చివర్న కాస్త పైకి లేచి ఆగింది. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న కసి అంతా అందులో ఉంది. కుడి తలుపు తోశాను. కిర్. పొట్టిగా, చిరాగ్గా, నువ్వెక్కడికి పోయావు అన్నట్టు. పార్కు అవతల పాకల్లోంచి ఎర్రయ్యమ్మప్ప గొంతు వినబడింది, ఓలమ్మా కూసిందర్రా అని.

నేను నవ్వాను. మామూలు నవ్వు కాదు, పళ్ళన్నీ బయటపెట్టి. వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ నన్నే చూస్తున్నారు. పాణిగ్రాహి గారు కాయితం మీద రాశారు, రాయక తప్పదు కాబట్టి: ఉద్యోగి నవ్వెను.

మధ్యాహ్నం కమిషనరు గదిలో విచారణ. ఫ్యాను తిరుగుతోంది, ఊరికే.

"నాయుడూ," అన్నారు చిదానందం గారు, "సదరు గేటు తెరచు సమయమున నీవు నవ్వితివా?"

నవ్వానండి అన్నాను.

నిశ్చల్ గారు నన్ను రక్షించాలనే చూశారు. ఆయన కట్టిన కోటకి నేనే పునాది కదా. నవ్వు తప్పు కాదని, అంతా శూన్యమని తెలిసి నవ్వితే అది ఇంకా పై మెట్టని కమిషనరు గారికి చెప్పారు. తరవాత నా వైపు వంగి మెత్తగా అడిగారు. "అంతా వేస్ట్ కదా అని నవ్వొచ్చింది మీకు. అంతే కదా నాయుడుగారూ?"

చిదానందం గారి వెనకనుంచి పాణిగ్రాహి గారు అవునను అవునను అని తల ఊపుతున్నారు. అవునంటే అవార్డు, పర్మనెంటు, కుర్చీ. ఒక్క అక్షరం ఖర్చు లేదు, తల ఊపితే చాలు. నేను సత్యవంతుణ్ణేం కాను. ఊపుదామనే అనుకున్నాను. అప్పుడు ఆ నూనె రోజులు గుర్తొచ్చాయి. స్తంభం పట్టుకుని నిలబడ్డ ఆ పొద్దు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళకి అది నోరు విప్పి పలికితే, నువ్వెవరో నాకు తెలీదు అనాలి నేను.

"కాదండి," అన్నాను. "గేటు బాగా పలికిందని నవ్వానండి."

"అనగా?"

"కిర్రుమందండి."

"కిర్రుమన్న ఏమి లాభము?"

"లాభం ఏమీ లేదండి. నాకు ఇష్టమండి."

నిశ్చల్ గారు నుదురు పట్టుకున్నారు. చిదానందం గారికి మాత్రం ముఖం విప్పారింది. ఇన్నాళ్ళూ ఈ విశ్వం, శూన్యం ఆయన చేతికి చిక్కలేదు. ఇప్పుడు తనకి తెలిసిన కేసు దొరికింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"విశ్వమునకు అర్థము లేదని ప్రభుత్వము ఉత్తర్వు ఇచ్చియుండగా, మునిసిపల్ స్థలమునందు, మునిసిపల్ ఇనుము మీద, ఎట్టి అనుమతియు పొందక, నీవు సొంత అర్థము నిర్మించుకొంటివి. ఇది అక్రమ నిర్మాణము."

కూల్చుకుంటావా, మేమే కూల్చాలా అని అడిగారు. కూల్చుకోవడమంటే ఆ గేటు నాకేమీ కాదని ఒక్క మాట అనడం. పాణిగ్రాహి గారు కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నేను మొలతాడుకున్న తాళంచెవి సర్దుకుంటూ నిలబడ్డాను. కలం ఆరిపోయింది.

నన్ను సస్పెండు చేశారు. అయినా సాయంత్రం ఆరింటికి అలవాటుగా వెళ్ళి గేటుకి తాళం వేసొచ్చాను. అర్థం కట్టింది గేటు మీద కాబట్టి గేటు తీసేస్తే అదీ దాంతో వచ్చేస్తుందని తేల్చి, జేసీబీ పంపించారు. అది గోడ లేని చోటునుంచి లోపలికొచ్చి, స్తంభాలతో సహా గేటుని పెళ్ళగించి, పన్ను పీకినట్టు పైకెత్తింది. తాళం దానికే ఉంది. స్టోరు యార్డులో పారేసినప్పుడు కూడా గేటు గట్టిగా తాళం వేసే ఉందట. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. అది వెనక్కి తీసుకోవాలంటే వేరే ఫైలు కావాలి.

మా ఆవిడకి సంగతంతా చెప్పాను. నాతో రోజూ చెప్తావు కదా అబద్ధాలు, వాళ్ళకి ఒక్కటి చెప్పలేకపోయావా అంది. తరవాత, ఆ గేటుకున్నపాటి అదృష్టం తనకి లేకపోయిందంది. రాత్రి మాత్రం పులుసులో వంకాయ ముక్కలన్నీ నాకే వేసింది.

మర్నాడు పొద్దున్న కాళ్ళు వాటంతట అవే తీసుకెళ్ళాయి. స్తంభాలున్న చోట రెండు గోతులు, గోతుల్లో వాననీళ్ళు. వాటి మధ్యన, కాస్త ఇవతలగా, గంప నెత్తిన పెట్టుకుని ఎర్రయ్యమ్మప్ప నిలబడి ఉంది.

గేటు లేదు కదప్పా, ఎళ్ళిపో అన్నాను.

"ఎలాగెల్తాను? నువ్వు తాళమేసీసినావు గదా."

నేను ఆమె ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు. గేటు ఉన్నన్నాళ్ళూ పక్కనుంచి పోయావు, ఇప్పుడేమొచ్చింది అని అడిగాను.

"గంప బరువు తమ్ముడా. ఊసులాపి తియ్యి."

చుట్టూ చూశాను. మొలతాడునుంచి తాళంచెవి తీశాను. తాళం ఉండే ఎత్తుకి వంగాను. ఆ తాళం కొంచెం మొండిది, ఎడం చేత్తో పైకెత్తి పట్టుకుంటే కానీ తిరగదు. ఎత్తి పట్టుకుని తిప్పాను. ఎడమ తలుపు మీద చెయ్యి వేశాను. తోశాను.

చప్పుడు లేదు. ఏం ఉంటుంది. నా చేతిలో గాలి ఉంది, అంతే.

అప్పుడు వెనకనుంచి, గంప కిందనుంచి, వచ్చింది.

"కి...ర్ర్ర్ర్."

పొడుగ్గా, మెల్లగా. చివర్న కాస్త పైకి లేచి ఆగింది. ముసలిదానికి ఎంత బాగా పట్టుబడింది.

కేన్వాసు బూట్ల చప్పుడైంది. పాణిగ్రాహి గారు, పొద్దున్న నడకకి. నన్ను చూశారు, ఆమెని చూశారు, గోతులు చూశారు. ఆయనకి కుడివైపూ ఎడమవైపూ బోలెడంత పార్కు ఖాళీగా ఉంది. వచ్చి ఎర్రయ్యమ్మప్ప వెనక నిలబడ్డారు.

"సస్పెన్షనులో ఉన్న ఉద్యోగి గేటు తెరవరాదు," అన్నారు. గంపకేసి చూశారు. "తెరిచినవాడు ఒక్క తలుపే తెరవరాదు. గంపకి తగులుతుంది, రెండోది కూడా తియ్యి."

కుడి తలుపు తోశాను. ఎర్రయ్యమ్మప్ప దానికీ పొడుగ్గా తీసింది రాగం.

"అలా కాదప్పా," అన్నాను. "కుడిది పొట్టిగా కూస్తుంది, కసురుకున్నట్టు. ఉండు, మళ్ళీ వేసి తీస్తాను."